పిచ్చుకల కుచ్చులో మిగిలిన గింజ

నేను ఒక వడ్ల గింజను. ఎర్ర పొట్టు, పొట్టి ఒళ్లు, కొసన చిన్న మీసం. ఇప్పుడు నేనున్నది వెండిరేకులా మెరిసే ఒక కవరులో. ఆ కవరు ఒక ప్లాస్టిక్ డబ్బాలో, ఆ డబ్బా ఒక ఇనుప అరలో, ఆ అర ఒక చలిగదిలో. గదికి రెండు తలుపులున్నాయి. ఒకటి మూస్తే గానీ రెండోది తెరుచుకోదు. ఇదే కవరులో నాతోపాటు ఇంకో నూట తొంభై మందిమి ఒకరి మీద ఒకరం పడి ఉంటాం. మాట్లాడుకోం. ఈ చలిలో లోపలి ఊపిరే దాదాపు ఆగిపోతుంది, ఇక మాటలెక్కడివి.

జాలిపడకండి. ఒకచోట ఇరుక్కుపోవడం నాకు కొత్త కాదు. మేకకు మేత దొరక్కపోతే గట్టు దాటి పోతుంది. మనిషికి ఒక ఊరి నీళ్లు పడకపోతే ఇంకో ఊరు చూసుకుంటాడు. వరికి కాళ్లు లేవు. ఏ నేలలో నాటితే ఆ నేలతోనే తేల్చుకోవాలి. బయట కదలలేం కాబట్టి లోపల కదులుతాం. నేను చెప్పబోయేది ఆ లోపలి కదలిక సంగతే.

ముందు ఒక మాట. నేను 'నేను' అంటే మీకు కొంచెం తికమకగా ఉండవచ్చు. మీకు 'నేను' అనేది ఒక్క మనిషితో మొదలై ఆ మనిషితోనే అయిపోతుంది. మా సంగతి అలా కాదు. గింజ చీలి మొక్క అవుతుంది, మొక్క ఎండి వందల గింజలవుతుంది, ఆ వందల్లో ప్రతి గింజా 'నేనే' అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. కాబట్టి గింజగా నాకు జరిగిందీ, మొక్కగా నాకు జరిగిందీ ఒకే కథగా వినండి.

నా పుట్టుక కృష్ణా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర, చౌటిలంక అనే ఊళ్లో. అక్కడ ఎండాకాలంలో పొలం మీద సున్నం చల్లినట్టు తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. ఆ నేలను చౌడు అంటారు. పేరున్న రకాలు ఎన్ని తెచ్చి వేసినా ఆ చేలో పదిహేను రోజులకే ఆకులు చుట్టుకుపోయేవి. మేము మాత్రం పండేవాళ్లం. ఎకరానికి మిగతావాళ్లలా నలభై బస్తాలు కాదు, పన్నెండో పదమూడో. మా యజమాని నడకుదుటి నాంచారమ్మ మమ్మల్ని మెచ్చుకోగా నేనెప్పుడూ వినలేదు. "పంటంటే పంటా ఇది, మొండితనం" అనేది. అని, మళ్లీ మమ్మల్నే చల్లేది.

ఆ మొండితనం ఏమిటో చెబుతాను. ఉప్పులో సోడియం ఉంటుంది. మాకు కావలసింది పొటాషియం. రెండూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. పొటాషియం వచ్చే దారిలోనే సోడియం కూడా దూరి, వేరులోంచి పైకెక్కి, ఆకుల్లో కూర్చుని ఆకును కాల్చేస్తుంది. కృష్ణా కాలువల మీద లస్కర్లు ఉంటారని మీకు తెలుసు కదా, ఏ తూము ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో చూసేవాళ్లు. నా ఒంట్లో కూడా అలాంటి ఏర్పాటే ఉంది. ఏ తూము ఎలా కట్టాలో చెప్పే రాతలు ప్రతి కణంలోనూ వేలకు వేలు ఉన్నాయి. మీరు వాటిని జన్యువులంటారు. మామూలు రోజుల్లో వాటిలో చాలా మట్టుకు మూసే ఉంటాయి. వేరు కొసకు ఉప్పు తగలగానే కబురు లోపలికి పోతుంది. అప్పుడు కొన్ని రాతలు తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుంటాయి. తెరుచుకున్నవాటిలో ఒకటి, వేరులోంచి పైకి పోయే రసంలో సోడియాన్ని పట్టి వెనక్కి లాగే తూమును కట్టిస్తుంది. మూసుకునేవాటిలో ఎక్కువ భాగం ఎదుగుదలకు సంబంధించినవి. అంటే కష్టం వచ్చినప్పుడు మేము ముందు మానేసే పని పెరగడం. అప్పటికీ తప్పించుకుని పైకి పోయిన ఉప్పును ముసలి ఆకుల్లోకి తోసి చిగురును కాపాడుకుంటాం. ఆ ఆకులు ఎండిపోతాయి. చూసేవాళ్లు మేము చచ్చిపోతున్నామనుకుంటారు. నిజానికి మేము అప్పుడు చాలా పని మీద ఉంటాం.

ఇదే రాత మిగతా వరి రకాల్లోనూ ఉంది. తేడా రాతలో కన్నా అది ఎంత త్వరగా తెరుచుకుంటుంది, ఎంతసేపు తెరిచి ఉంటుంది అన్నదాంట్లో ఎక్కువ. మా లస్కరు త్వరగా లేస్తాడు. అంతే.

ఒక కార్తీకమాసంలో తుపాను వచ్చింది. సముద్రం కట్ట దాటి చేలోకి వచ్చి తొమ్మిది రోజులు నిలబడింది. మొండితనానికీ ఒక హద్దు ఉంటుంది. కోతకొచ్చిన చేను మొత్తం కుళ్లిపోయింది. విత్తనం కోసం ఇంట్లో దాచిన బస్తా కూడా నీళ్లలో నానిపోయింది. మిగిలినవాళ్లం ఎవరమంటే, నాంచారమ్మ ఇంటి చూరుకు వేలాడే కుచ్చులో ఉన్నవాళ్లం. పంట రాగానే కొన్ని కంకుల్ని జడలా అల్లి పిచ్చుకల కోసం చూరుకు కట్టడం అక్కడ అలవాటు. ఏడాదిగా పిచ్చుకలు తింటున్న కుచ్చు అది. నేను గడ్డి పురుల మధ్య, ముక్కు దూరని సందులో ఇరుక్కుని ఉన్నాను. ఇరుక్కుపోవడం వల్ల బతకడం నాకు అదే మొదటిసారి.

నీళ్లు తీశాక నేల ఉప్పు కొలవడానికి ఒక అమ్మాయి వచ్చింది. పేరు దారా సులోచన. పరిశోధనా కేంద్రంలో పిహెచ్.డి. చేస్తోంది. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి తనే. మట్టి తీసి సంచుల్లో పోస్తూ చూరు వైపు చూసింది.

"అమ్మా, ఈ కంకులు ఈ చేలోవేనా?"

"మరింకెక్కడియ్యి? పిచ్చుకలు కూడా ఇసుక్కుని ఒదిలేసినయ్యి."

"వీటి మీద పనిచేస్తానమ్మా. ఉప్పులో ఇవి ఎలా బతుకుతున్నాయో తేలిస్తే నాకు పట్టా వస్తుంది."

నాంచారమ్మ కుచ్చు దించి ఒళ్లో పెట్టుకుని నలిపింది. నలభై గింజలు రాలాయి. సులోచన వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టి కవరులో వేసుకుంటుంటే నాంచారమ్మ నవ్వింది. "పేర్లు కూడా పెడతావా ఏంది?"

తర్వాత నవ్వు ఆపి చెప్పింది. "చూడమ్మాయ్. ఈ ఏడు నా చేలో ఏదీ మొలవదు. నీ కాడ మంచినీళ్లున్నయ్ గదా. నీ పనేదో చేసుకో. కానీ తొలకరికి నాకు నారు పోసుకోటానికి గింజలు కావాల. ఇయ్యి పోతే ఇక ఈ ఇత్తనం లేదు. పిచ్చుకల నోటి కాడిది ఇస్తన్నా."

"తెచ్చిస్తానమ్మా" అంది సులోచన. మనుషులు ఆ మాట చాలా తేలిగ్గా అంటారు. ఈ అమ్మాయి అనేటప్పుడు మాత్రం కవరును రెండు చేతులతో పట్టుకుంది.

నలభైలో పద్దెనిమిది మంది మొలిచాం. పరిశోధనా కేంద్రంలో చుట్టూ సన్నటి వల కట్టిన షెడ్డు ఒకటి ఉంది. అందులో నీళ్ల తొట్టెల మీద థర్మకోల్ పలకలు తేలుతుంటాయి. పలకకు రూపాయి బిళ్లంత చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో ఒక్కో మొలకను నిలబెట్టి, మెడ చుట్టూ స్పాంజి ముక్క కుక్కారు. పాదాల కింద మట్టి లేదు. పక్కకు వాలడానికి లేదు. తలెత్తితే వల. పిచ్చుక కూడా రాలేని చోటు. మెడలో ఒక చీటీ, దాని మీద నంబరు. నాంచారమ్మ వేళాకోళం నిజమైంది. నా పేరు ఉ-7.

తొమ్మిది మందిమి ఉప్పు తొట్టెలో, తొమ్మిది మంది మంచినీళ్ల తొట్టెలో. సులోచన ఆలోచన ఇది: ఒక్కో తొట్టెలో ఆరుగురిని పీకి, వేళ్లలో ఏ జన్యువు ఎంత పలుకుతోందో కొలవాలి. మిగిలిన ముగ్గురినీ మట్టి కుండీల్లోకి మార్చి పండించి, ఆ గింజలు నాంచారమ్మకు ఇవ్వాలి. మా తూము ఉండేది వేరులో. వేరును చూడాలంటే మొక్కను పీకాలి, పొగలు కక్కే చల్లటి ద్రవంలో ముంచాలి, రోట్లో వేసి నూరాలి. ఎలా బతుకుతున్నావని అడగడానికి మనుషులకు ఇంతకన్నా మర్యాదైన పద్ధతి ఇంకా దొరకలేదు.

పక్క తొట్టెలో మొక్కజొన్న ఉండేది. దానికి ఇనుము లేని నీళ్లు. పాపం ఆకులు పాలిపోయి గీతలు పడేవి. అది కూడా కదలలేదు కాబట్టి, వేళ్లలోంచి ఏదో పదార్థాన్ని నీళ్లలోకి వదిలి ఇనుప రేణువు ఎక్కడున్నా పట్టుకు రమ్మని పంపేది. లేని ఇనుము కోసం రోజూ పంపేది. దాని ఎదురుచూపు చూస్తే నా ఉప్పే నయమనిపించేది.

ఒక సోమవారం పొద్దున సులోచన మా తొట్టెలో ఉప్పు నీళ్లు పోసింది. తొట్టె నీళ్లు మార్చడం, ఉప్పు కొలిచే మీటరు ముంచి రాసుకోవడం అన్నీ సోమవారం పనులే. నా లస్కరు లేచాడు. తూములు పడ్డాయి. గురువారం ముగ్గురిని పీకింది. శనివారానికి మా ముసలి ఆకులు రెండేసి ఎండిపోయాయి, కొసలు చుట్టుకున్నాయి.

షెడ్డుకు నీళ్లు పెట్టే మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు అప్పయ్య. యాభై దాటిన వయసు. ఒకప్పుడు సొంత చేను చేసినవాడు. ఇప్పుడు కాంట్రాక్టు మీద ఇక్కడ గొట్టం పట్టుకున్నాడు. "ఉప్పేసి ఊరబెట్టటం మాగాయకి చూశా గానీ, పైరుకి ఎక్కడా చూళ్లా" అని సులోచనను ఆటపట్టించేవాడు. ఆదివారం షెడ్డులో ఆయన తప్ప ఎవరూ ఉండరు. ఆ ఆదివారం మధ్యాహ్నం మా తొట్టె ముందు చాలాసేపు నిలబడ్డాడు. చుట్టుకుపోయిన ఆకును రెండు వేళ్లతో సాపు చేసి చూశాడు. అది మళ్లీ చుట్టుకుంది. అటూ ఇటూ చూశాడు. తొట్టె బిరడా తీసి ఉప్పు నీళ్లు వదిలేసి, గొట్టంతో నిండా మంచినీళ్లు పట్టాడు.

ఆయన్ని తప్పు పట్టలేను. నలభై ఏళ్లు పైరు వాడితే నీళ్లు పెట్టిన చెయ్యి అది. పైరు వాడుతుంటే చూస్తూ నిలబడటం ఉద్యోగంలో భాగమని ఎవరు చెప్పినా ఆ చెయ్యి వినదు.

మంచినీళ్లు తగిలాయి. ఒక్క పూటలో నా లోపల ఉత్తర్వు మారిపోయింది. తూములు కట్టించే రాతలు మూసుకున్నాయి. ఎదుగుదల మళ్లీ మొదలైంది. సోమవారం పొద్దున్నే సులోచన వచ్చి, ఇంకా మీటరు ముంచకముందే, ఇంకో ముగ్గురిని పీకి తీసుకుపోయింది. ఆ తర్వాతే కొత్త ఉప్పు నీళ్లు పోసి మీటరు ముంచింది, పాత నీళ్లను కొలవలేదు. నా లస్కరు మళ్లీ లేచాడు. అప్పట్నించి ప్రతి ఆదివారం అప్పయ్య గొట్టం, ప్రతి సోమవారం సులోచన ఉప్పు. ఇద్దరూ నన్ను బతికించాలనే చూశారు. ఇద్దరి మధ్యా మెడకు స్పాంజి చుట్టుకుని నేను. అసలు సంగతి తెలిసిన ప్రాణిని నేనొక్కణ్ణే. నాకు నోరు లేదు.

మూడు వారాలకు లెక్కలు వచ్చాయి. గురువారం పీకిన వేళ్లలో తూము జన్యువు గట్టిగా పలికింది. సోమవారం పీకిన వేళ్లలో, అంటే ఇంకా ఎక్కువ రోజులు ఉప్పులో ఉన్న వేళ్లలో, అది మంచినీళ్ల మొక్కల్లో ఎంతో అంతే. సులోచన ఆ కాగితాన్ని మా తొట్టె అంచున పెట్టి మూడు రోజులు చూసింది. తన తప్పేమోనని ప్రతి సీసా మీద రాసింది మళ్లీ చదువుకుంది.

ఆమె గైడు విమలాదేవి మేడమ్ షెడ్డుకు వచ్చి చెప్పింది. "పన్నెండు మొక్కలూ పాడయినట్టే. మార్చి ఆఖరుకు నీ గడువు అయిపోతుంది, ఇప్పటికే ఒకసారి పొడిగించారు. మిగిలిన ఆరూ పీకు. ఉప్పువి మూడు, మంచినీళ్లవి మూడు, సరిపోతాయి."

"అవి ఆవిడకిచ్చే విత్తనానికి పెట్టానండి."

"విత్తనం అడిగితే బజారులో ఉప్పును తట్టుకునే రకాలు లేవా? కొనిద్దాం. గురువారం పీకెయ్."

గురువారం పొద్దున సులోచన కత్తెర, పొగలు కక్కే ఫ్లాస్కు, ఆరు చిన్న సంచులు తెచ్చింది. సంచుల మీద మా నంబర్లు ముందే రాసి ఉన్నాయి. నా మెడ దగ్గర స్పాంజి వదులు చేసింది. పారిపోవడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. కాళ్లున్నవాళ్లకి.

అప్పయ్య గొట్టం చుట్టుకుంటూ ఆగాడు. "ఇయ్యి కూడా పీకేస్తారా అమ్మా?"

"తప్పదు బాబాయ్. పోయినసారి లెక్క కుదరలేదు. ఎక్కడ తప్పు చేశానో ఎంత వెతికినా తెలీడం లేదు."

"మరి ఆ లంకావిడకి గింజలో?"

 సులోచన కత్తెర విప్పింది, మళ్లీ మూసింది. అప్పయ్య గొట్టం కింద పెట్టాడు. నీళ్లు కారుతూనే ఉన్నాయి, అది కూడా చూసుకోలేదు.

"తప్పు మీది కాదమ్మా. ఆదివారం ఆదివారం ఆ ఉప్పునీళ్లు పారబోసి మంచినీళ్లు పడతంది నేనే."

"ఎప్పట్నించి?"

"మొదటి ఆదివారం కాణ్ణించి. పైరు అట్టా చుట్టుకుపోతంటే చూస్తా ఉండటం నా వల్ల కాలా. నన్ను తీసెయ్యమని చెప్పండి మేడమ్‌గారికి."

 సులోచన కోప్పడుతుందనుకున్నాను. తొట్టె అంచున ఉన్న కాగితం తీసి, గురువారం గీత మీద ఒక వేలు, సోమవారం గీత మీద ఒక వేలు పెట్టింది. "ఆదివారం ఎన్నింటికి పట్టావు బాబాయ్?"

"అన్నం తిన్నాక. రెండున్నర అయ్యుంటది."

"అంటే పదిహేడు గంటలు" అంది తనలో తాను. "పదిహేడు గంటల్లో మూసేసింది. మొక్క అబద్ధం చెప్పలేదు బాబాయ్. ఉప్పు లేదని చెప్పింది. నేనే వినలేదు."

ఆమె నా మెడ చుట్టూ స్పాంజిని మళ్లీ సర్దింది. నాకు నోరు లేదని ఇందాక అన్నాను కదా. నూరేసిన నా వాళ్లు ఆరుగురూ చెప్పారు.

మేడమ్ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. షెడ్డులోనే, మా ఎదురుగానే వాదన జరిగింది. "నీళ్లు పెట్టే మనిషి మాట మీద థీసిస్ రాస్తావా?"

"మాట మీద కాదండి, వేళ్ల మీద. ఉప్పు రాగానే తెరవడం అందరికీ తెలిసిందే. ఉప్పు పోగానే ఇంత త్వరగా మూసి మళ్లీ పెరగడం, అందులోనే దీని బలం ఉందేమోనండి."

"ఉందేమో. ఒక్కసారి జరిగింది ఒక్కసారే. సరిగ్గా మళ్లీ చేసి చూపించాలి. ఈ ఆరూ పీకితే వారంలో అయిపోతుంది. పీకనంటే గింజ పండేది ఏప్రిల్, మళ్లీ చేసేది ఆ తర్వాత. గడువు దాటితే మళ్లీ మొదట్నించి రిజిస్ట్రేషన్. తెలిసే మాట్లాడుతున్నావా?"

"తెలుసండి. ఆ గింజలు నావి కావండి."

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. వెళ్లబోతూ అంది. "నోటుబుక్కులో 'ఆదివారం మంచినీరు పట్టడమైనది' అని రాయి. ఎవరు పట్టారో రాయకు. ఆయన్ని తీసేస్తారు."

ఆ సాయంత్రం సులోచన మట్టి కలిపి మా ఆరుగురినీ కుండీల్లో నాటింది. మధ్యలో వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. కూలికి పోయి చదివించిన మనిషి. చేతికి బురద ఉందని స్పీకరు మీద పెట్టింది.

"అయిపోయిందామ్మా చదువు?"

"లేదు నాన్నా. ఇంకో పంట దాకా ఆగాలి."

 "పంటంటే ఆగాల్సిందేలే" అన్నాడాయన.

ఏప్రిల్‌లో పండాం. మంచినీళ్ల వాళ్లకు నిండు కంకులు, ఉప్పు తిన్నవాళ్లం మాకు సగం కంకులు. అన్నీ కలిపి అరసోల. అందులో నేనున్నాను. ఒక గుప్పెడు ప్రయోగానికి ఉంచుకుని, మిగిలినవి గుడ్డలో మూటకట్టుకుని తొలకరికి ముందే సులోచన చౌటిలంక వెళ్లింది. గుడ్డలోంచి కూడా నాకు ఆ గాలి తెలిసింది. ఆ తడి, ఆ ఉప్పు వాసన. ఈసారి స్పాంజి లేదు, వల లేదు. నారుమడి దున్ని సిద్ధంగా ఉంది.

నాంచారమ్మ మూట విప్పి, గింజను గోటితో గిల్లి చూసుకుంది. "పేర్లు పెట్టావా?"

"నంబర్లు పెట్టానమ్మా."

"తెస్తావని నేననుకోలా" అంది ఆవిడ. మూటను ఒళ్లో పెట్టుకుంది. తర్వాత అందులోంచి ఒక పిడికెడు తీసి సులోచన చేతిలో పోసి వేళ్లు మడిచింది. "ఇయ్యి నీ కాడ ఉంచు. సముద్రం మళ్లీ వస్తది. అప్పుడు నా చూరు కూడా ఉంటదో ఉండదో."

ఆ పిడికెట్లో నేనున్నాను. చేను పది అడుగుల దూరంలో ఉంది. వేళ్లు మూసుకున్నాయి. అక్కడి నుంచి బస్సు, బస్సు నుంచి ఈ వెండి కవరు, ఈ రెండు తలుపులు.

ఇక్కడ తూములు తెరవాల్సిన పని లేదు, మూయాల్సిన పనీ లేదు. ఉప్పు లేదు, నీళ్లు లేవు, ఆదివారం సోమవారం లేవు. లస్కరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నిద్రపోయాడో, కళ్లు మూసుకున్నాడో నాకే తెలియదు.

ఒక్కసారి మాత్రం తలుపులు తెరుచుకున్నాయి. మొలక శక్తి పోయిందో లేదో చూడటానికి ఏడాదికోసారి కవరు విప్పి పది గింజలు తీస్తారు. సులోచన దుప్పటి లాంటి కోటు వేసుకుని వచ్చింది. చలిగది చూసుకునే ఆయన "రండి డాక్టరమ్మా" అన్నాడు. ఆ మాటతో నాకు అర్థమైంది. పట్టా వచ్చింది, ఒక పంట ఆలస్యంగా.

"ఆ లంకావిడ చేను ఎట్టా ఉందండి?" అని అడిగాడు ఆయన.

"రెండు సెంట్లు పండిందండి. సంక్రాంతి వెళ్లాక చూడటానికి వెళ్లాను. చూరుకు రెండు కుచ్చులు కట్టింది. ఇదేంటమ్మా రెండంటే, ఒకటి పిచ్చుకలకి, ఒకటి నీకు అంది."

పది గింజలు పట్టకారుతో తీశారు. నా పక్కనున్నది వెళ్లింది. నేను వెళ్లలేదు. కవరు అంచును యంత్రం మళ్లీ అతికించింది. మొదటి తలుపు మూసుకుంది, తర్వాత రెండోది.

చూరు కింద గడ్డి పురుల మధ్య, ముక్కు దూరని సందులో, ఇప్పుడు కూడా నేనొకణ్ణి ఇరుక్కుని ఉండే ఉంటాను.